వయోలా కాగితం మీద శ్రీ

"చదువు శశీ, పైకి చదువు. కళ్లజోడు లేక అడగడం లేదు నిన్ను. నా కళ్లని నేనే నమ్మలేకుండా ఉన్నాను."

దమయంతి ఆ ప్రోగ్రాం పుస్తకాన్ని శశికాంత్ గుండెల మీద అదిమినంత పని చేసింది. ఆదివారం మధ్యాహ్నం రెండుంపావు అవుతోంది. హెర్న్‌డన్‌కి ఇరవై నిమిషాల దూరంలో, వాషింగ్టన్ శివార్లలో ఒక చర్చి హాలు. కచేరీ మూడింటికి. వరండాలో ఓ బల్ల మీద కాఫీ, బిస్కట్లు పెట్టారు. నెరిసిన తలలవాళ్లు కాగితం కప్పులు పట్టుకుని చిన్నగా మాట్లాడుకుంటున్నారు. వాళ్ల మధ్య దమయంతి ఒక్కతే మామిడిపండు రంగు పట్టుచీరలో నిలబడి ఉంది. ఆ చీర ఈ రోజు కోసమే పెట్టెలోంచి తీసింది. ఆ సంగతి శశికాంత్‌కి తెలుసు, ఎందుకంటే ఇస్త్రీపెట్టె అడిగి తీసుకెళ్లింది అతని ఇంట్లోంచే.

అతను చదివాడు. "ఎర్నెస్టీన్ వోల్మార్. పియానో క్వార్టెట్, ఎ మైనర్. ఈ కాలంలో మొట్టమొదటి ప్రదర్శన. సేకరణ, ప్రతి తయారీ, పరిష్కరణ, డాక్టర్ పీటర్ హాలింగర్."

"ప్రతి తయారీ ఎవరట?"

"హాలింగర్ అట."

"చివరి పేజీకి వెళ్లు. అడుగున చీమతలంత అక్షరాల్లో ఉంటుంది."

"మా వాలంటీర్లందరికీ కృతజ్ఞతలు."

"అదిగో. ఆ 'అందరి'లో ఉన్నాను నేను. పూలు సర్దినావిడా, పార్కింగ్‌లో జెండా ఊపినాయనా, మూడేళ్లు కళ్లు పోగొట్టుకున్న నేనూ. సరే, ఇప్పుడు అట్ట తిప్పి చూడు."

శశికాంత్ అట్ట తిప్పాడు. నీలం రంగు మీద బంగారు రంగులో, అరచేయంత పెద్దగా, వంపులు తిరుగుతూ ఒక గుర్తు. దాని కింద ఇంగ్లీషులో ఒక వాక్యం. *స్వరకర్త స్వహస్త చిహ్నం. ఆమె రాసిన ప్రతి వాయిద్య భాగం పైనా ఇది కనిపిస్తుంది.*

అతను ఒకసారి చూశాడు. పుస్తకాన్ని కాస్త దూరంగా పెట్టి మళ్లీ చూశాడు.

"అక్కా, ఇది మన శ్రీ కదా?"

"మన శ్రీ ఏంటి, నా శ్రీ. నేను చుట్టిన శ్రీ. ఆ కింది వత్తు అలా మెలితిప్పి రాసేది విజయనగరంలో నేనొక్కత్తినే. నవ్వకు. నవ్వావంటే చంపేస్తాను."

అతనికి నవ్వు వచ్చిన మాట నిజమే. ఆమె మొహం చూశాక అది గొంతులోనే ఆగిపోయింది.

ఆ శ్రీ అక్కడికి ఎలా వచ్చిందో తెలియాలంటే దమయంతి సంగతి కొంచెం చెప్పుకోవాలి.

దమయంతిది విజయనగరం. తండ్రి జూట్ మిల్లులో గుమస్తా. పదకొండో ఏట వీణ నేర్చుకోవడానికి సుబ్బులు టీచర్ దగ్గర చేరింది. సుబ్బులు టీచర్‌కి వేళ్లలో వీణ ఉంది గానీ కళ్లలో చూపు పోతూ ఉండేది. పాతికమంది శిష్యులకి కృతులు స్వరాలతో సహా రాసివ్వాలంటే ఆవిడ వల్ల అయ్యేది కాదు. చేతిరాత గుండ్రంగా ఉంది కదా అని ఆ పని ఈ పిల్లకి అప్పజెప్పింది. కార్బన్ కాగితాలు పెట్టి, ఒత్తి ఒత్తి, ఒకేసారి నాలుగు ప్రతులు. కాగితం మీద శ్రీ చుట్టకుండా మొదటి స్వరం రాయడానికి వీల్లేదు. అది అక్కడి నియమం.

ఒకసారి దమయంతి ఓ కృతిలో ఒక స్వరం తప్పు రాసింది. ఒకే ఒక్కటి. టీచర్ తిట్టలేదు, కొట్టలేదు. ఎర్ర పెన్సిల్ చేతిలో పెట్టి, "ఆ కాగితాలు పదకొండు ఇళ్లకి వెళ్లాయి. పదకొండు ఇళ్లకీ వెళ్లి దిద్ది రా. నువ్వు దిద్దేదాకా ఎవరి నోట పలికినా ఆ తప్పు నీదే," అంది. రోహిణీ కార్తె ఎండ. కంటోన్మెంట్ నుంచి గంటస్తంభం దాకా చెప్పులు కాలుతుంటే తిరిగింది. పదకొండో ఇల్లు తాళం వేసి ఉంటే వాళ్లు వచ్చేదాకా అరుగు మీద కూర్చుంది.

ఇదంతా శశికాంత్‌కి ఆమె చెప్పగా తెలిసిందే. ఒక్కసారి కాదు, కనీసం ఆరుసార్లు చెప్పి ఉంటుంది. ప్రతిసారీ ఎండ ఇంకో డిగ్రీ పెరిగేది.

భర్త భాస్కర్ ఉద్యోగం మీద 2001లో ఇక్కడికి వచ్చింది. అతనిది హెచ్-వన్, ఈమెది హెచ్-ఫోర్. అంటే ఉండవచ్చు, తినవచ్చు, నడవవచ్చు, పని మాత్రం చెయ్యకూడదు. వీణ తేలేదు, విమానంలో విరుగుతుందని. రెండేళ్లు గోడల్ని చూస్తూ గడిపింది. తర్వాత లైబ్రరీలో ఒక నోటీసు కనిపించింది. ఓ ఛాంబర్ మ్యూజిక్ సొసైటీకి వాలంటీర్లు కావాలట. నాలుగైదు వాయిద్యాలు, చిన్న హాలు, పాత యూరప్ సంగీతం. వెళ్లింది. కుర్చీలు వేసింది, కవర్లు అంటించింది. పిల్లల పుస్తకం తెచ్చుకుని వాళ్ల ఐదు గీతల నొటేషన్ నేర్చుకుంది. స్వరం స్వరమే కదా, బట్టలే వేరు అనుకుంది.

హాలింగర్ ఆ సొసైటీకి డైరెక్టర్. ఒకరోజు కాఫీ తాగుతూ మాటల్లో వోల్మార్ ప్రస్తావన తెచ్చాడు. జర్మనీలో ఎక్కడో చిన్న ఊళ్లో పియానో పాఠాలు చెప్పుకున్న ఆవిడ. 1850ల్లో ఒక క్వార్టెట్ రాసింది. పియానో, వయొలిన్, దాని పెద్దక్కలాంటి వయోలా, చెల్లో, నలుగురు కలిసి వాయించేది. ఒక్కసారి అచ్చయింది, అంతే. దాని మైక్రోఫిల్మ్ వాషింగ్టన్‌లోని పెద్ద లైబ్రరీలో ఉంది. పేజీలు నలిగి, సిరా పాకి, చదవడానికి వీల్లేకుండా ఉంది. "దాన్ని ఎత్తి రాయాలంటే పిచ్చివాళ్లు కావాలి," అని హాలింగర్ నవ్వాడు.

ఆ పిచ్చివాళ్లు ఎదురుగానే ఉన్నారు, కాఫీ పోస్తూ.

మంగళవారం, గురువారం. బస్సెక్కి, మెట్రో మారి, ఆ లైబ్రరీకి. అక్కడ పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. మిషన్ తెర ముందు కూర్చుని ఒక్కో గీతా, ఒక్కో చుక్కా ఎత్తి రాసుకునేది. ఇంటికొచ్చి, యార్డ్ సేల్‌లో చవగ్గా కొన్న పాత కీబోర్డు మీద ఒక్క వేలితో వాయించి సరిచూసుకునేది. అలా మూడేళ్లు.

శశికాంత్ ఆమెకి పరిచయమైంది ఆ ఒక్క వేలు వల్లే. అతనిది జనగామ. బెంటన్‌విల్‌లో ఒక కాంట్రాక్ట్ ముగించుకుని 2006లో హెర్న్‌డన్ వచ్చాడు. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. బెంటన్‌విల్‌లో ఆఫీసు, కారు, అపార్ట్‌మెంట్ తప్ప ఏమీ లేని రోజుల్లో లైబ్రరీ షెల్ఫులో ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, వరసగా ఒక్కో సీడీ తెచ్చుకుని కారులో విన్నాడు. అర్థం కాకపోతే మళ్లీ వినేవాడు. అంతే అతని చదువు. హెర్న్‌డన్‌లో అద్దెకి దిగిన మొదటి శనివారం, పైఫ్లాట్‌లోంచి ఒక రాగం వినిపించింది. పైకి ఎక్కి, ఎక్కి, కిందికి దిగబోయి ఆగిపోతుంది. మళ్లీ మొదటికి. పదిసార్లు. చివరికి వెళ్లి తలుపు కొట్టాడు.

"సౌండ్ ఎక్కువైందా? కంప్లైంట్ ఇస్తారా?" అంది తలుపు తీసినావిడ, నడుం మీద చెయ్యి వేసుకుని.

"కాదండి. దిగినంక ఏమొస్తదో విందామని వచ్చిన," అన్నాడు.

ఆమె అతన్ని ఎగాదిగా చూసి, "లోపలికి రా నాయనా. ఆరేళ్లుగా ఈ దేశంలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అడిగావు," అంది.

నిజానికి అప్పటికి అయిదేళ్లే అయింది. దమయంతికి కోపం వచ్చినా సంతోషం వచ్చినా లెక్క ఒకటి ఎక్కువే పలుకుతుంది.

ఆ దిగే చోటే అన్నిటికీ మూలం. క్వార్టెట్ మొదటి భాగం చివర్లో మిగతా ముగ్గురూ ఆగిపోతారు. వయోలా ఒక్కటే మిగులుతుంది. పైనుంచి నాలుగు స్వరాలు మెల్లగా దిగుతుంది. అందులో రెండోది 'జి'. మైక్రోఫిల్మ్‌లో సరిగ్గా ఆ జి ముందు కాగితం మడత పడి, నల్లటి మరక. ఏదో గుర్తు ఉంది, ఏదో తెలియదు. స్వరాన్ని అరమెట్టు పైకెత్తే షార్ప్ కావచ్చు, ఎత్తినదాన్ని దించే నాచురల్ కావచ్చు. మరకలో రెండూ కవలపిల్లల్లా ఉంటాయి.

వారం రోజులు తేల్చుకోలేకపోయింది. చివరికి చెవిని అడిగింది. ఆ క్వార్టెట్ అంతా ఆమె చెవికి కీరవాణిలా వినపడేది. ఈ జి అక్కడ నిషాదం. కీరవాణిలో ఎక్కేటప్పుడు ఏ నిషాదమో దిగేటప్పుడూ అదే నిషాదం. మారదు. ఎక్కేటప్పుడు వోల్మార్ జి ని ఎత్తే రాసింది కాబట్టి దిగేటప్పుడూ ఎత్తే ఉంటుంది. దమయంతి షార్ప్ పెట్టేసింది. వినిపిస్తే శశికాంత్‌కి ఒళ్లు జలదరించింది. ఆ క్వార్టెట్ మొత్తంలో అతనికి అన్నిటికంటే నచ్చింది ఆ చోటే.

2008లో నాలుగు వాయిద్యాల కాగితాలూ సాపు ప్రతి రాసి, ఒక్కోదాని నెత్తిన శ్రీ చుట్టి, చీర అట్టపెట్టెలో పెట్టి హాలింగర్‌కి ఇచ్చింది. ఆయన "అద్భుతం, అద్భుతం" అని రెండుసార్లు అన్నాడు. తర్వాత నాలుగేళ్లు ఆ ఊసు లేదు.

మధ్యలో ఒకటి జరిగింది. 2010లో జర్మనీలో ఎవరో వాళ్ల ఊరి లైబ్రరీలోని అచ్చుప్రతిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. కనిపెట్టింది శశికాంతే. సంబరంగా లాప్‌టాప్ పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వెళ్లాడు. దమయంతి నేరుగా వయోలా భాగం తెరిపించింది. మరక లేదు. జి ముందు స్పష్టంగా, అద్దంలో మొహంలా, నాచురల్.

ఆమె లేచింది. కీబోర్డు దగ్గరికి వెళ్లి రెండు రకాలుగానూ వాయించింది. తర్వాత అంది, "చూశావా, ఈవిడ మొదటి నుంచీ పట్టుదలగా పైకెత్తి పట్టుకుంది ఆ స్వరాన్ని. ఈ ఒక్క చోట చెయ్యి వదిలింది. ఒకే ఒక్క చోట. దానికోసమే అంత కట్టింది. నేను ఆ చెయ్యి పట్టుకుని మళ్లీ పైకి లాగేశాను. కీరవాణి అట, కీరవాణి. ఆవిడకి కీరవాణి ఎవరు చెప్పారు?"

ఆ సాయంత్రమే హాలింగర్‌కి ఈమెయిల్ రాసింది. 'మీ ఉత్సాహానికి ధన్యవాదాలు' అని ఒక లైను వచ్చింది. రెండో ఈమెయిల్‌కి ఆ లైను కూడా రాలేదు.

ఇప్పుడు ఈ వరండాలో, ఆ బంగారు శ్రీ చేతిలో పెట్టుకుని శశికాంత్ లోపలి పేజీ తిప్పాడు. హాలింగర్ రాసిన పరిచయం రెండు పేజీలు. మధ్యలో ఒక వాక్యం దగ్గర అతని కళ్లు ఆగాయి. దాన్ని పైకి చదవాలా వద్దా అని తటపటాయించాడు.

"చదువు, చదువు. అది నేను చూశానులే. నీ నోటితో ఎలా ఉంటుందో విందామని."

"మొదటి భాగం చివర వయోలా దిగే చోట ఊహించని జి షార్ప్... తూర్పు దేశపు పరిమళం... బహుశా సంచార గాయకుల నుంచి ఆమె విని ఉండవచ్చు... కాలాన్ని మించిన సాహసం."

"తూర్పు దేశపు పరిమళమట!" దమయంతి గొంతు కాఫీ బల్ల దాకా వినపడింది. ఒకరిద్దరు ఇటు తిరిగారు. "ఆ పరిమళం మా వంటింట్లోది రా శశీ! పోపు వాసన! ఆవిడ సాహసం కాదది, నా పొరపాటు. నా పేరు తీసేశాడు, నా తప్పు మాత్రం దాచుకున్నాడు. అదీ ఆవిడ నెత్తిన పెట్టి!"

"అక్కా, ఒక్కసారి ఆయనతోని మాట్లాడుదాం. నేనూ వస్త."

మాట్లాడడానికి వెతుక్కోనక్కర లేకపోయింది. హాలింగర్ తనే వచ్చాడు. పొడవాటి మనిషి, ఎర్ర బో టై, మొహం నిండా ఆప్యాయత.

"డామీ! వచ్చావా! ఈ చీర ఎంత బాగుంది!"

"దమయంతి," అంది ఆమె. తొమ్మిదేళ్లలో ఆ మాట అతనికి నూరోసారి చెప్పడం. తర్వాత ఇంగ్లీషులోనే, ఒక్కో మాటా విడిగా పెట్టి అడిగింది. "ఈ ప్రతి ఎవరు తయారు చేశారు, డాక్టర్ హాలింగర్?"

ఆయన గొంతు తగ్గించాడు. "చూడు, నీ పేరు వెయ్యాలనే అనుకున్నాను. కానీ నీ వీసా గుర్తొచ్చింది. పని చేసినట్టు అచ్చులో పడితే రేపు నీకే ఇబ్బంది. నీ మంచి కోసమే ఆగాను."

శశికాంత్‌కి చెవులు వేడెక్కాయి. వీసా మాట అంటే చాలు, ఈ దేశంలో తనలాంటివాళ్లు రెండడుగులు వెనక్కి వేస్తారు. అది ఈయనకి తెలుసు. ఆ వెయ్యబోయే రెండడుగుల కొలత తీసుకునే మాట్లాడుతున్నాడు.

దమయంతి వెనక్కి వెయ్యలేదు. "జీతం తీసుకోకూడదు అని ఉంది నా వీసాలో. పేరు ఉండకూడదు అని లేదు. నేను కుర్చీలు వేసినప్పుడు గుర్తుకురాని వీసా, కవర్లు అంటించినప్పుడు గుర్తుకురాని వీసా, అచ్చు వేసేటప్పుడే ఎందుకు గుర్తొచ్చింది?"

"నువ్వు నొచ్చుకున్నావు, అర్థం చేసుకోగలను..."

"ఇది ఏమిటి?" అట్ట మీద గోరుతో కొట్టింది.

"ఆ, అది! డిజైనర్‌కి ఎంత నచ్చిందో! వోల్మార్ సంతకం. నువ్వు ఎంత శ్రద్ధగా ఎత్తి రాశావో."

"అది ఆవిడది కాదు. అది తెలుగు. పని మొదలుపెట్టే ముందు మేము రాసుకునేది. అది రాసింది నేను."

హాలింగర్ మొహంలో ఆప్యాయత అలాగే ఉంది గానీ, చెవుల దగ్గర ఎరుపు పాకడం శశికాంత్ చూశాడు. ఆయన అటూ ఇటూ చూశాడు. రేడియోవాళ్లు లోపల మైకులు బిగిస్తున్నారు. ఈ కచేరీ రికార్డయి, వచ్చే నెల ప్రసారమై, ఆ తర్వాత సీడీగా వస్తుందని ఆ పుస్తకంలోనే ఉంది.

"దీని సంగతి కచేరీ అయ్యాక మాట్లాడుకుందాం. రెండో ముద్రణలో చూద్దాం. సరేనా?"

"పేరు సంగతి తర్వాతే చూద్దాం. కానీ ఆ జి షార్ప్ సంగతి ఇప్పుడే తేలాలి. అది తప్పు. మీకు రెండుసార్లు రాశాను. అచ్చులో నాచురల్ ఉంది."

ఆయన నిట్టూర్చాడు. "డామీ, వాద్యకారులకి ఆ స్వరం ప్రాణం. పత్రిక నుంచి ఒకావిడ దానికోసమే వచ్చింది. ఇప్పుడు వెళ్లి అది మరక అని చెప్పమంటావా? బాగుంది కదా వినడానికి? ఉండనీ." ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆమె మొహం చూసి ఆ చేత్తో బో టై సర్దుకుని, ఎవరినో పలకరిస్తూ వెళ్లిపోయాడు.

దమయంతి శశికాంత్ చేతిలోంచి పుస్తకం లాక్కుంది. రెండు చేతులతో పట్టుకుంది. దాన్ని చింపేస్తుందేమో అనుకున్నాడు శశికాంత్. చింపలేదు. చిన్నప్పటి అలవాటు కాబోలు, శ్రీ ఉన్న కాగితం చింపడానికి చెయ్యి రాలేదు.

"ఉండనీ అట. విన్నావా? వాళ్లింటి అల్మారాలో బొమ్మ అనుకున్నాడు, ఉండనీ అనడానికి."

"అక్కా, ఒక మాట చెప్తా, కోపం చెయ్యకు," శశికాంత్ మెల్లగా అన్నాడు. ఇది అతనికి అప్పుడే తట్టింది, తట్టగానే భయమేసింది. "ఆ షార్ప్ ఉంటేనే మంచిదేమో నీకు. మొత్తం లోకంల ఆ తప్పు ఒక్క నీ కాపీలనే ఉన్నది. జర్మనీ ప్రతి ఎదురుంగ పెడితే, ఆయన ప్రతి నీదాంట్లకెల్లే వచ్చిందని చిన్నపిల్లలు కూడ చెప్తరు. సీడీ రానీ. అప్పుడు అడుగుదాం. శ్రీ అంటే డిజైన్ అని దాటేస్తడు. గాని ఆ స్వరం దగ్గర దొరికిపోతడు. ఇప్పుడు దిద్దితే నీ రుజువు నువ్వే చెరుపుకున్నట్టు."

ఆమె అతనికేసి చూసిన చూపుకి శశికాంత్ అరడుగు వెనక్కి జరిగాడు.

"అంటే నా పేరు కోసం ఆవిడ నోట అబద్ధం పలికించమంటావు. అంతేనా?"

"అట్ల కాదక్కా..."

"అంతే. దానికి మరో పేరు లేదు. ఆవిడ రాసి నూట యాభై ఏళ్లు దాటింది. ఎవడూ వాయించలేదు. ఆవిడకి ఏ వీసా ఉందని పేరు వేశారో ఇప్పటికైనా వేశారు, సంతోషం. ఇవాళ మొదటిసారి గొంతు విప్పబోతుంటే, ఆ గొంతులో నా స్వరం దూర్చి, ఇదే ఆవిడ గొప్పతనం అని రేడియోలో చెప్పిస్తారా? రేపు వాయించే ప్రతివాడూ సీడీ విని అదే వాయిస్తాడు. సుబ్బులు టీచర్‌కి పదకొండు ఇళ్లే. ఇది ఎన్ని ఇళ్లకి వెళ్తుందో చెప్పు. ఏ ఎండలో తిరిగి దిద్దుకురాను నేను?"

శశికాంత్ ఆమె చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. ఆ స్వరం అంటే తనకీ ప్రాణమని చెప్పడానికి నోరు రాలేదు. ఆరేళ్లుగా, ఆఫీసులో ప్రాజెక్టు పోయిన రోజునా, ఇంటికి ఫోన్ చేసి పెట్టేసిన తర్వాతా, ఆ నాలుగు స్వరాలు మనసులో దింపుకుని నిద్రపోయేవాడు, షార్ప్‌తో సహా. దమయంతి నాచురల్ వాయించి చూపించిన రోజున కూడా, తప్పు అని తెలిసీ, మనసులో పాతదే అట్టిపెట్టుకున్నాడు. హాలింగర్ "బాగుంది కదా వినడానికి" అన్నప్పుడు, ఔను అనబోయి నాలుక కరుచుకున్నవాడు అతనే.

అప్పుడే వరండా చివరి గదిలోంచి వయోలా వినిపించింది. ఎవరో సాధన చేసుకుంటున్నారు. ఆ చోటే. నాలుగు స్వరాలు. పైనుంచి దిగుతూ, రెండో మెట్టు మీద ఆ ఎత్తిన జి, కాఫీ బల్ల మీదుగా తేలుతూ వచ్చింది. కప్పు పట్టుకున్న ఒక పెద్దాయన కళ్లు మూసుకుని తలాడించాడు.

దమయంతి కళ్లు మూసుకోలేదు. పంటి కింద రాయి పడ్డట్టు మొహం పెట్టింది. మళ్లీ వినిపించింది. మళ్లీ అదే.

"ఆ వాయించేదెవరు?"

శశికాంత్ పుస్తకం చూశాడు. "క్లేర్ అనే అమ్మాయి. నిరుడు పియానో పేజీలు తిప్పేదానికి నిన్ను కూర్చోపెట్టినప్పుడు నీకు మంచినీళ్లు తెచ్చిచ్చింది చూడు, ఆమెనే."

"మంచి పిల్ల. దానికేం తెలుసు, కాగితంలో ఏది ఉంటే అది వాయిస్తుంది. తప్పు కాగితానిది." గడియారం చూసుకుంది. మూడుకి పద్దెనిమిది నిమిషాలు. "నేను వెళ్తే ఆయన అడ్డం పడతాడు. ఈ చీరలో నేను ఎటు కదిలినా కనపడతాను. నిన్ను ఎవడూ చూడడు."

"అక్కా, నాకు నొటేషన్ సరిగ్గ రాదు. ఆమె ఎందుకని అడిగితే ఏం చెప్పాలె?"

"నీకు వినడం వచ్చుగా. అది చాలు."

ఆమె చేతిసంచీలో చెయ్యి పెట్టింది. చిన్న పెన్సిల్ తీసింది, రబ్బరు చివరిదాకా అరిగిపోయినది. లైబ్రరీలో ఆ మూడేళ్లూ వాడిన పెన్సిల్. దాంతోపాటు నాలుగు మడతలు పెట్టిన కాగితం. శశికాంతే ప్రింట్ తీసి ఇచ్చిన జర్మనీ ప్రతి, వయోలా కాగితాల్లో ఆ స్వరం ఉన్న పేజీ. ఈ రోజు ఇది అవసరపడుతుందని ఇంటి దగ్గరే అనుకుని తెచ్చుకుందన్నమాట. పేరు ఉంటుందని ఆశపడి పట్టుచీర కట్టుకున్న మనిషి, ఆ స్వరం సంగతి మాత్రం ఆశకి వదిలిపెట్టలేదు.

"నా రుజువు పోతుందన్నావు చూడు, పోనీ. పేరు కోసం నేను కొట్లాడతాను, ఇవాళే, కచేరీ అయ్యాక, ఆ పత్రికావిడ ముందే. అట్ట చూపించి కొట్లాడతాను. అది నా తిప్పలు. నువ్వు ఇప్పుడు ఆ గదిలోకి వెళ్లు. క్లేర్‌కి ఈ పేజీ చూపించు. దమయంతి పంపింది, తప్పు రాసింది తనే, దిద్దమని అడుగుతోంది అని చెప్పు. నా పేరు చెప్పు, సిగ్గుపడకు. వాయించి చూడమను. ఒక్కసారి దించి వాయిస్తే దానికే తెలుస్తుంది. ఊఁ అన్నాక ఈ పెన్సిల్ దాని చేతికే ఇచ్చి, ఆ షార్ప్ కొట్టేసి నాచురల్ పెట్టుకోమను. పెట్టేదాకా అక్కడే నిలబడు. పరిగెత్తకు, చూసేవాళ్లకి అనుమానం వస్తుంది. నడువు. వెళ్లు శశీ, వెళ్లు."